ఊరిని పై నుంచి తీసి అమ్మినవాళ్లు

ఆకాశంలోకి వెళ్లి నేలను ఫొటో తీసి, దాన్ని నేల మీదివాళ్లకే అమ్మే వ్యాపారానికి తొలి ప్రయత్నం 1858లో పారిస్ పొలిమేరల్లో జరిగింది. నదార్ అనే పేరుతో ప్రముఖుల ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న గాస్పార్ ఫెలిక్స్ టూర్నషాన్, తాళ్లతో నేలకు కట్టిన బెలూన్‌లో కెమెరా పట్టుకుని పైకెక్కాడు. భూముల కొలతకు ఈ పద్ధతి పనికొస్తుందంటూ పేటెంటు కూడా తీసుకున్నాడు. అప్పటి ఫొటో అంటే గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరేలోపే బొమ్మ తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుకని బెలూన్ బుట్టలోనే నల్లగుడ్డతో చీకటి గది కట్టుకోవాల్సి వచ్చింది. ఎన్నిసార్లు ఎక్కినా పలకలు మసిబారి వచ్చేవి. బెలూన్ నుంచి లీకవుతున్న గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడ్ పలక మీది వెండిని నల్లబరుస్తోందని ఆలస్యంగా తెలిసింది. బెలూన్ మెడ మూసి ఎక్కాక గానీ బొమ్మ పడలేదు. అలా తీసిన తొలి చిత్రాల్లో ఒక్కటీ ఇప్పుడు లేదు.

ఇప్పటికీ మిగిలిన వాటిలో పాతది అమెరికాలోని బోస్టన్ నగరానిది. 1860 అక్టోబరు 13న జేమ్స్ వాలెస్ బ్లాక్ అనే ఫొటోగ్రాఫర్, శామ్యూల్ కింగ్ నడిపిన బెలూన్‌లో దాదాపు 1,200 అడుగుల ఎత్తు నుంచి దాన్ని తీశాడు. బొమ్మలు చూసి జనం ముచ్చటపడ్డారే తప్ప అందులోంచి వ్యాపారం పుట్టలేదు. మనిషి కూర్చునే బెలూన్ ఖర్చు ఫొటో ధరలో పట్టేది కాదు. దాంతో తర్వాతి 50 ఏళ్లలో మనిషిని కింద ఉంచి కెమెరాను మాత్రమే పైకి పంపే ఉపాయాలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో అర్తూర్ బాత్యు 1888లో గాలిపటానికి కెమెరా కట్టాడు. జర్మనీలోని క్రోన్‌బర్గ్‌లో మందుల దుకాణం నడిపే యూలియస్ నోయ్‌బ్రోనర్ పావురాల ఛాతీకి చిన్న కెమెరా తగిలించి, 1908లో పేటెంటు పొందాడు. ఆయన పావురాలు అప్పటికే మందులు మోసేవి. ఒకసారి దారి తప్పిన పావురం వారాల తర్వాత బాగా బలిసి తిరిగొస్తే, ఇన్నాళ్లూ అది ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకోవాలన్న కుతూహలంతోనే ఈ పని మొదలైందంటారు. 1909లో డ్రెస్డెన్ ప్రదర్శనలో పావురం వచ్చి వాలగానే ఫిల్ము కడిగి, పోస్టుకార్డులుగా అచ్చువేసి సందర్శకులకు అమ్మారు. కెమెరా ఎవరు మోసినా చివరికి అమ్ముడుపోయే సరుకు కార్డేనన్న సంగతి అక్కడే బయటపడింది.

డబ్బు బాగా చేసుకున్నవాడు షికాగో ఫొటోగ్రాఫర్ జార్జ్ లారెన్స్. 1906 ఏప్రిల్ 18న భూకంపం, ఆ వెంటనే చెలరేగిన మంటలు శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలా భాగాన్ని నేలమట్టం చేశాయి. ఆరు వారాలు తిరక్కుండానే లారెన్స్ అక్కడికి వెళ్లి, వరుసగా 17 గాలిపటాలు ఎగరేసి, వాటి తీగకు 22 కిలోల బరువున్న కెమెరా వేలాడదీసి, విద్యుత్ తీగ ద్వారా కింద నుంచే షట్టర్ నొక్కాడు. 2,000 అడుగుల ఎత్తు నుంచి వచ్చిన ఆ పొడవాటి చిత్రంలో కాలిన నగరం మొత్తం ఒకే చూపులో కనిపిస్తుంది. ఒక్కో ప్రతి 125 డాలర్లకు అమ్మి, 15,000 డాలర్ల దాకా సంపాదించాడు. ఒకరి నష్టాన్ని ఫొటో తీసి అమ్మడం సబబేనా అని అడిగేవాళ్లు ఉండవచ్చు. కొన్నవాళ్లకు మాత్రం ఆ ప్రశ్న అడ్డు రాలేదు.

అసలు మలుపు మొదటి ప్రపంచ యుద్ధంతో వచ్చింది. శత్రువు కందకాలను విమానం నుంచి ఫొటో తీసి పటాలు గీసుకోవడం 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ యుద్ధం నాటికే బ్రిటిష్ సైన్యానికి అలవాటైంది. యుద్ధం ముగిసేసరికి గాలిలో వణకని కెమెరాలు, వాటిని వాడడం తెలిసిన యువకులు, కొనే దిక్కులేని మిగులు విమానాలు ఒకేచోట పోగుపడ్డాయి. వాటికీ వాళ్లకీ చేయడానికి పని లేదు.

లండన్ శివారు హెండన్‌లో 1919లో మొదలైన ఏరోఫిల్మ్స్ ఆ పరిస్థితిలోంచి పుట్టిన కంపెనీ. యుద్ధంలో నౌకాదళ విమాన విభాగంలో పరిశీలకుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ విల్స్, 1910లో రాత్రివేళ విమానం నడిపి పేరుపొందిన క్లాడ్ గ్రేహమ్ వైట్ కలిసి దాన్ని పెట్టారు. బ్రిటన్‌లో వ్యాపారానికే ఆకాశ చిత్రాలు తీసిన మొదటి సంస్థ అది. ఆస్తి అంటే ఒక ఆఫీసు గది, ఫిల్ములు కడుక్కోవడానికి ఒక స్నానాల గది. సొంత విమానం లేదు, అద్దెకు తెచ్చుకునేవాళ్లు. తెరిచిన కాక్‌పిట్ అంచు మీంచి బరువైన కెమెరాతో వంగి, చలిగాలిలో గాజు పలక మార్చుకుంటూ తీయడం అప్పటి పద్ధతి.

కొన్నదెవరంటే ఫ్యాక్టరీ యజమానులు, హోటళ్లు, బడులు, పత్రికలు, పోస్టుకార్డు వ్యాపారులు. నిట్టనిలువుగా కిందికి తీసిన చిత్రం సర్వేయర్‌కి పనికొస్తుంది కానీ, అందులో ఇంటి కప్పు తప్ప గోడ కనబడదు. యజమానే తన ఇంటిని పోల్చుకోలేడు. ఏటవాలుగా తీస్తే కప్పూ గోడా గుమ్మమూ వరుసగా కనిపిస్తాయి. అందుకే ఏరోఫిల్మ్స్ మొదట్లో ఏటవాలు చిత్రాలే అమ్మింది. ఆ నెగటివ్‌ల మీద ఇప్పటికీ గీతలు కనిపిస్తాయి: కస్టమర్ ఫ్యాక్టరీ ఆవరణ ఎక్కడితో ముగుస్తుందో అక్కడికి కత్తిరించమని చీకటి గది మనిషికి చెప్పే గుర్తులవి. పక్కింటివాడి గోదాము కస్టమర్ బొమ్మలో పడకూడదు కదా.

సర్వే పని 1921 నుంచి మొదలైంది. విమానం ఒకే ఎత్తులో, ఒకే గీత మీద సాగుతూ, ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ సుమారు 60 శాతం నేల ఉమ్మడిగా ఉండేలా తీయాలి. పక్కపక్క గీతల మధ్య దాదాపు 30 శాతం కలవాలి. అలా వరుసగా వచ్చిన రెండు ఫొటోలను స్టీరియోస్కోప్ అనే జంట కటకాల కింద పెట్టి, ఒక్కో కంటితో ఒక్కోటి చూస్తే గుట్ట పైకి లేస్తుంది, బావి లోతుకు దిగుతుంది. పటంలో ఎత్తుపల్లాల గీతలు ఆ చూపులోంచి వచ్చేవే. ఏరోఫిల్మ్స్ 1930ల్లో ఈ విద్యలో ఎంత ముందుకెళ్లిందంటే, 1940లో ప్రభుత్వం కంపెనీని, యంత్రాలను, మనుషులను కలిపి యుద్ధం పనికి తీసేసుకుంది.

ఈ వృత్తికి ఏడాది పొడవునా పని ఉండదు. బ్రిటన్‌లో డిసెంబరు వస్తే పగలు సుమారు 8 గంటలే. సూర్యుడు దిగువనే తిరుగుతాడు, నీడలు ఇళ్లను మింగేస్తాయి. ఆ రోజుల్లో దీనికి పొగమంచు, బొగ్గు పొగ తోడయ్యేవి. వసంతం నుంచి శరత్తు దాకా తీసినదాన్ని చీకటి గదిలో కూర్చుని ముద్రించడానికీ, ఆల్బమ్‌లలో అంటించి నంబర్లు వేయడానికీ, పాత ఖాతాదారులకు ఉత్తరాలు రాయడానికీ చలికాలమే అనువు. క్రిస్మస్ కార్డు పంపే ఆచారం ఆ దేశంలో అప్పటికే పాతది. లండన్‌లో హెన్రీ కోల్ 1843లో అచ్చువేయించిన కార్డుతో మొదలై, 1870లో అర పెన్నీ పోస్టు వచ్చాక ఇంటింటికీ చేరింది. చిన్న ఏరియల్ ఫొటో కంపెనీలకు ఆ ఆచారం బాగా అక్కరకొచ్చింది. ఆ ఏడాది తీసిన వాటిలో నచ్చిన చిత్రాన్ని కార్డు మీదో క్యాలెండర్ మీదో వేసి, కొత్త కెమెరా కొన్నామనో, ఫలానా వంతెన కడుతుంటే నెలనెలా తీశామనో నాలుగు ముక్కలు జోడించి, శుభాకాంక్షలతో పంపడం ఈ రంగంలో కనిపించే అలవాటు.

దీన్ని మర్యాద అని మాత్రమే అనుకుంటే పొరపాటు. తన ఇంటి ఆకాశ చిత్రం ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనాలంటే కొత్త గది వేయాలి, లేదా కొత్త షెడ్డు లేవాలి. అంతవరకు కంపెనీ పేరు అతడికి గుర్తుండాలి. గోడకు తగిలించిన క్యాలెండర్ ఆ పని 12 నెలలు చేస్తుంది. ఇక రెండో ఆదాయం పాత చిత్రాల నుంచి వస్తుంది. వేరే సరుకు గోదాములో ఉంటే విలువ తగ్గుతుంది; ఊరు మారిపోయే కొద్దీ పాత నెగటివ్‌కి గిరాకీ పెరుగుతుంది. ఏరోఫిల్మ్స్ పోగుచేసిన 12 లక్షలకు పైగా నెగటివ్‌లను 2007లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌ల వారసత్వ సంస్థలు కలిసి కొనడానికి కారణం అదే. 1919 నుంచి 1953 దాకా తీసిన దాదాపు 95,000 చిత్రాలను తర్వాత ప్రజలందరూ చూసేలా పెట్టారు.

అమెరికాలో ఈ వ్యాపారం నగరాల్లోనూ పల్లెల్లోనూ వేర్వేరు దారుల్లో నడిచింది. నగరాల్లో షెర్మన్ ఫెయిర్‌చైల్డ్ లాంటివాళ్లు కెమెరా తయారీ నుంచి నగర పటాల దాకా అన్నీ చేసి పెద్ద సంస్థలు కట్టారు. పల్లెల్లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మరోరకం మనుషులు బయల్దేరారు. ఒక పైలట్, ఒక కెమెరా, ఒక చిన్న విమానం. ఎవరూ అడగకుండానే కౌంటీలోని పొలాలన్నిటి మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి, ప్రతి రైతు ఇంటినీ తీసేవాళ్లు. కొన్ని వారాలకు సేల్స్‌మన్ చిన్న నమూనా ఫొటో పట్టుకుని గడప ఎక్కేవాడు. బేరం కుదిరితే కొట్టం కప్పు ఎరుపా ఆకుపచ్చా, ట్రాక్టర్ ఏ రంగు, ఇంటి గోడలకు ఏ రంగు అని అడిగి రాసుకునేవాడు. ఎందుకంటే ఫొటో నలుపు తెలుపుల్లో ఉండేది, రంగులు స్టూడియోలో చేత్తో వేసేవాళ్లు. చట్రం కట్టిన ఆ బొమ్మ ఇప్పటికీ ఆ పల్లెల్లో చాలా ఇళ్ల ముందుగదుల్లో వేలాడుతోంది.

భారతదేశంలో ఇలాంటి సేల్స్‌మన్ ఎవరి గడపా తొక్కలేదు. ఆకాశ సర్వే మాత్రం తొందరగానే వచ్చింది: 1924లో, అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగమైన బర్మాలో, ఐరావతి డెల్టా అడవులను రోనాల్డ్ కెంప్ బృందం విమానం నుంచి ఫొటో తీసింది. తర్వాత కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఈ పనికి కేంద్రమైంది. కానీ 1937 నాటి విమాన నియమాల్లోని 13వ నిబంధన, అనుమతి లేకుండా ఎగురుతున్న విమానం నుంచి ఫొటో తీయడాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ నిబంధన ఉండిపోయింది. ఆకాశ చిత్రాలను గోప్యత స్థాయిలుగా విడదీసి, రక్షణ శాఖ అనుమతితోనే ఇచ్చేవాళ్లు. తీసే హక్కు దశాబ్దాల పాటు మూడు చోట్లకే పరిమితం: వైమానిక దళం, కలకత్తాలోని ఎయిర్ సర్వే కంపెనీ, హైదరాబాద్‌లో 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ. బేగంపేట నుంచి ఆ ఏజెన్సీ విమానాలు ఎగిరేవి. ఉప్పల్‌లోని సర్వే శిక్షణ సంస్థలో ఆకాశ చిత్రాలను చదవడం నేర్పేవాళ్లు. ఇంత విద్య చేతికందే దూరంలో ఉన్నా, హైదరాబాద్‌లోని మామూలు ఫొటో స్టూడియోకి తన వీధిని పై నుంచి తీసే దారి లేదు. పెద్ద నీటి ట్యాంకు ఎక్కి తీసిందే అప్పటి విహంగ వీక్షణం.

ఆ గోడను కూల్చింది డ్రోన్. 2013లో చైనా కంపెనీ డీజేఐ తెచ్చిన ఫాంటమ్ పెట్టెలోంచి తీసి ఎగరేసే యంత్రం. మన దగ్గర పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు దాన్ని వెంటనే పట్టుకున్నారు. 2014 అక్టోబరులో పౌర విమానయాన సంచాలకులు డ్రోన్లు ఎగరేయొద్దని నోటీసు ఇచ్చారు; అయినా మండపాల మీద రెక్కల చప్పుడు ఆగలేదు. 2018లో తొలి నిబంధనలు, 2021 ఆగస్టులో ఇప్పటి డ్రోన్ నియమాలు వచ్చాయి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. పచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయొచ్చు. పసుపు జోన్‌కి విమాన నియంత్రణ అధికారుల అనుమతి, ఎరుపు జోన్‌కి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాలు చుట్టూ ఉన్న హైదరాబాద్‌లోనూ, నౌకాదళం ఉన్న విశాఖలోనూ పచ్చ జోన్ వెతుక్కోవాల్సిందే. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు.

ప్రభుత్వాలు కూడా ఇదే యంత్రాన్ని పట్టుకున్నాయి. పల్లెల్లో ఇళ్ల స్థలాలకు హక్కు పత్రాలిచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ డ్రోన్లతో భూముల రీసర్వే ప్రారంభించింది. నదార్ 1858లో పేటెంటులో రాసుకున్న ఉపయోగం తెలుగు పొలాలకు చేరడానికి 160 ఏళ్లకు పైగా పట్టింది.

ప్రైవేటు వ్యాపారం రుతువులను బట్టే సాగుతోంది, కాకపోతే ఇక్కడ ఖాళీ కాలం డిసెంబరు కాదు, వానాకాలం. గాలులు, వర్షం తగ్గాక ముహూర్తాలతో గిరాకీ మొదలవుతుంది. ప్లాట్లు వేయకముందే వెంచర్ మీద డ్రోన్ ఎగురుతుంది. ఏడాది చివర్లో కాలేజీలు, రియల్ ఎస్టేట్ కంపెనీలు కొత్త క్యాలెండర్‌కి తమ ఆవరణ చిత్రం తీయిస్తాయి. వెంకటేశ్వరస్వామి బొమ్మ పక్కన లేఅవుట్ బొమ్మ పడుతోంది. తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది గనక పొద్దెక్కాకే పని. సంక్రాంతి వస్తే కోనసీమ పిలుస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోటకు 11 గ్రామాల ఏకాదశ రుద్రుల ప్రభలు చేరతాయి. రంగుగుడ్డలు చుట్టిన ప్రభలను భుజాలకెత్తుకుని పచ్చటి వరిచేలకు, కాలువకు అడ్డంపడి తీసుకొచ్చే దృశ్యం నేల మీద నిలబడితే జనం తలల వెనక దాగిపోతుంది, పై నుంచి ఆ బారు మొత్తం కనిపిస్తుంది. పండుగ శుభాకాంక్షల వీడియోల్లో ఇప్పుడు ఈ దృశ్యాలూ చెలామణి అవుతున్నాయి.

ఏరోఫిల్మ్స్‌కి ఉన్నదీ, ఈ చిన్న డ్రోన్ యూనిట్లకు లేనిదీ నెగటివ్‌ల గది. పెళ్లి ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశాక డిస్కు ఖాళీ చేసుకోవడం ఇక్కడ మామూలు. రీసర్వే చిత్రాలు ప్రభుత్వ సర్వర్లలో ఉంటాయి. అమరావతి కట్టకముందు పంట పొలాలు ఎలా ఉండేవో, హైదరాబాద్ శివారు చెరువుల గట్లు ఎక్కడిదాకా ఉండేవో చూపే ప్రైవేటు డ్రోన్ చిత్రాలు ఎవరెవరి పాత హార్డ్ డిస్కుల్లోనో విడివిడిగా పడి ఉన్నాయి. వాటిని తేదీ, ఊరు, నంబరు వేసి ఒకచోట చేర్చే పని తెలుగు రాష్ట్రాల్లో ఇంకా ఒక వ్యాపారంగా మారలేదు.