మెడపట్టీ మీద క్రీస్తు గుర్తు: రోమా దాస్యం, ఆదిమ సంఘం

రోమా సామ్రాజ్యంలో దాసుల మెడకు బిగించిన ఇనుప పట్టీలు, వాటికి వేలాడదీసిన కంచు బిళ్లలు సుమారు 45 నేటికి మనకు తెలుసు. వీటిలో అధిక భాగం క్రీ.శ. 4, 5 శతాబ్దాలవి. అంటే చక్రవర్తులు క్రైస్తవ్యాన్ని స్వీకరించిన తరువాతి కాలానివి.

రోము నగరంలోని జాతీయ మ్యూజియంలో ఉన్న ఒక పట్టీకి బిళ్ల ఉంది. తాను పారిపోయాననీ, తనను పట్టుకోవాలనీ, యజమానుడైన జోనీనుకు అప్పగించినవారికి ఒక బంగారు నాణెం దొరుకుతుందనీ దానిపై రాసి ఉంది. బ్రిటిష్ మ్యూజియంలోని మరొక బిళ్లపై వివెంతియు అనే యజమానుని పేరు, చిరునామా ఉన్నాయి. రెండింటిలోనూ 'నన్ను' అని పలికేది దాసుడే. కాని దాసుని పేరు మాత్రం ఎక్కడా లేదు. నోరు దాసునిది, మాట యజమానునిది.

315-16 ప్రాంతంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఒక శాసనం చేశాడు. గనులకు, క్రీడారంగానికి పంపే నేరస్థుల ముఖంపై వాత వేయకూడదు, ముఖం పరలోక సౌందర్యానికి పోలికగా చేయబడింది, చేతులపైనా పిక్కలపైనా వేయవచ్చు అన్నది దాని సారాంశం. దాసులకు పట్టీలు వ్యాపించడానికి ఇది ఒక కారణమని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని అంగీకరించినా, ముఖానికి దక్కిన గౌరవం మనిషికి దక్కలేదని మనం గమనించాలి.

మరింత బాధాకరమైన సంగతి వేరొకటి ఉంది. కొన్ని పట్టీలపై క్రీస్తు నామంలోని మొదటి రెండు గ్రీకు అక్షరాలను కలిపి చెక్కిన గుర్తు కనిపిస్తుంది. సార్డీనియా ద్వీపంలో దొరికిన బిళ్ల అయితే, దాన్ని ధరించినవాడు ఫెలిక్స్ అనే ఆర్చ్‌డీకన్‌కు చెందినవాడని చెబుతుంది. దాసుణ్ణి పట్టి ఉంచమని అడుగుతున్నది సంఘ పరిచారకుడే.

ఫిలేమోను పత్రికను ఈ బిళ్లల పక్కన పెట్టి చదవాలి. ఒనేసిము పారిపోయిన దాసుడనే సంప్రదాయ వ్యాఖ్యానం ప్రకారం, పౌలు కూడా దాసుణ్ణి తిరిగి పంపుతున్నాడు. అయితే అతని పేరు చెప్పి, సహోదరునిగా చేర్చుకోమని పంపుతున్నాడు. బిళ్ల పట్టుకున్నవానికి బంగారం ఇస్తానంటుంది. పౌలు ఒనేసిము బాకీని తన లెక్కలో వేయమంటాడు. గలతీయులకు రాస్తూ దాసుల వాతలకు వాడే గ్రీకు మాటనే తన శరీరంపై గుర్తులకు వాడినవాడు ఆయనే.

పత్రిక సంఘం చేతిలోనే ఉంది, పట్టీ కూడా సంఘం చేతిలోనే ఉంది. సంఘ చరిత్రను బోధించే మనం ఈ రెండింటినీ విద్యార్థుల ముందు ఉంచవలసి ఉంది.