తొమ్మిది పిన్నుల గొడవ: కొత్త ఆర్కేడ్ స్టిక్ మాట పాత కన్సోల్ ఎందుకు వినదు?

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న తలనొప్పితో మొదలవుతుంది.

నాకు తెలిసినవాడు ఒకడు చెక్క పెట్టె చేయించి, మంచి జపాన్ లీవర్ వేసి, రంగురంగుల బటన్లు బిగించి సొంతంగా ఆర్కేడ్ స్టిక్ కట్టుకున్నాడు. తీసుకెళ్ళి సెగా మెగా డ్రైవ్‌కి తగిలించాడు. పైకి, కిందకి, అటూ ఇటూ అన్నీ పనిచేస్తున్నాయి. కానీ రెండో బటన్ కొడితే చాలు, గేమ్ పాజ్ అయిపోతోంది. బటన్ పోయిందేమో అని మార్చాడు. మళ్ళీ అదే. వైర్ మార్చాడు. మళ్ళీ అదే. రెండు వారాలు కుస్తీ పట్టాడు. చివరికి తేలిందేంటంటే, స్టిక్ బాగానే ఉంది, కన్సోల్ కూడా బాగానే ఉంది. స్టిక్ ఒక భాషలో మాట్లాడుతోంది, కన్సోల్ ఇంకో భాష వింటోంది. అంతే!

ఆ భాషలు ఎలా పుట్టాయో తెలిస్తే రిపేర్ సగం అయిపోయినట్టే. అందుకే ఈరోజు చరిత్ర.

1977కి వెళ్దాం. అమెరికాలో అటారీ కంపెనీ ఇంట్లో ఆడుకునే కన్సోల్ తెచ్చింది. తర్వాత దానికే అటారీ 2600 అనే పేరు స్థిరపడింది. దాని జాయ్‌స్టిక్ చాలా సింపుల్. నాలుగు దిక్కులకు నాలుగు స్విచ్‌లు, కాల్చడానికి ఒకటి. ఒక్కో స్విచ్‌కి ఒక్కో వైర్. అన్నిటికీ కలిపి ఒక గ్రౌండ్ వైర్. స్విచ్ నొక్కితే ఆ వైరు గ్రౌండ్‌కి తగులుతుంది, కన్సోల్‌కి విషయం తెలుస్తుంది. మన ఇంట్లో కాలింగ్ బెల్ లాగే అన్నమాట. చివర తొమ్మిది పిన్నుల ప్లగ్. ఆ ప్లగ్ ఎంత హిట్ అయిందంటే, 1982లో వచ్చిన కమొడోర్ 64 కంప్యూటర్ కూడా అదే వాడుకుంది.

ఇక 1983. జపాన్‌లో నింటెండో ఫామికామ్ తెచ్చింది. దీని ప్యాడ్‌లో ఎనిమిది బటన్లు. ఎనిమిదికీ ఎనిమిది వైర్లు లాగకుండా, ప్యాడ్ లోపల 4021 అనే చిన్న చిప్ పెట్టారు. కన్సోల్ ముందు 'ఇప్పుడు ఏమేం నొక్కి ఉన్నాయో గుర్తుపెట్టుకో' అంటుంది. అది లాచ్ వైర్ పని. తర్వాత 'ఒక్కొక్కటే చెప్పు' అంటుంది. అది క్లాక్ వైర్ పని. చిప్ వరసగా జవాబిస్తుంది: ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, తర్వాత నాలుగు దిక్కులు. టీచర్ హాజరు పిలిచినట్టే.

ఇది తెలిస్తే లాభమేంటి? చూడండి, మీ స్టిక్‌లో 'ఎ' బటన్ కొడితే అన్ని బటన్లూ ఒకేసారి కొట్టినట్టు అవుతోంది, మిగతావి అసలు పలకట్లేదు అనుకోండి. ముందు క్లాక్ వైర్‌ని అనుమానించాలి. క్లాక్ అందకపోతే హాజరు మొదటి పేరు దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిది సార్లూ 'ఎ' జవాబే వెళ్తుంది. అదే మీరు ముట్టుకోకుండానే హీరో తనంతట తాను నడుస్తున్నాడంటే, చిప్ కాళ్ళకు పుల్-అప్ రెసిస్టర్లు సరిగ్గా పడలేదేమో చూసుకోండి. అవి లేకపోతే నొక్కని బటన్ కూడా గాల్లో ఊగుతూ పిచ్చి జవాబులిస్తుంది.

ఇప్పుడు మనవాడి సమస్యకి వద్దాం. 1988లో మెగా డ్రైవ్ వచ్చింది. సెగా ఆ తొమ్మిది పిన్నుల ఆకారాన్నే ఉంచింది. కానీ లెక్క చూడండి. తొమ్మిదిలో రెండు కరెంటుకి, గ్రౌండ్‌కి పోతే మిగిలేవి ఏడు. ప్యాడ్‌లో ఉన్నవేమో ఎనిమిది: నాలుగు దిక్కులు, ఎ, బి, సి, స్టార్ట్. సరిపోదు కదా! అందుకని ఏడో పిన్నుని సెలెక్ట్ వైర్‌గా మార్చారు. కన్సోల్ దాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందకి మారుస్తూ రెండు సార్లు అడుగుతుంది. ఆరో పిన్ను ఒకసారి 'బి', ఇంకోసారి 'ఎ'. తొమ్మిదో పిన్ను ఒకసారి 'సి', ఇంకోసారి 'స్టార్ట్'. ఈ మార్పిడి చేసే చిప్ ప్యాడ్‌లోనే ఉంటుంది.

మనవాడు ఆ చిప్ లేకుండా, అటారీ పద్ధతిలో బటన్లని నేరుగా పిన్నులకి కలిపేశాడు. కాబట్టి తొమ్మిదో పిన్ను బటన్ కొడితే కన్సోల్‌కి 'సి' కూడా వినిపించింది, 'స్టార్ట్' కూడా వినిపించింది. గేమ్ పాజ్ అవ్వక ఏమవుతుంది!

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అటారీలో కరెంటు ఏడో పిన్నులో వస్తుంది, మెగా డ్రైవ్‌లో ఐదో పిన్నులో. ప్లగ్ సరిపోయింది కదా అని మెగా డ్రైవ్ ప్యాడ్‌ని కమొడోర్ లాంటి పాత కంప్యూటర్‌కి గుచ్చితే లోపలి చిప్ దెబ్బతినొచ్చు.

మన ఊళ్ళల్లో తొంభైల్లో టీవీ గేమ్ అని వచ్చేవి కదా, మారియో, కాంట్రా క్యాసెట్లతో? వాటిలో చాలా వాటికి కూడా ఇదే తొమ్మిది పిన్నుల ప్లగ్. లోపలేమో ఫామికామ్ భాష! ఒకే ఆకారం, మూడు భాషలు. అటక మీద పాత టీవీ గేమ్ ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

1990లో ఎస్ఎన్‌కే నియో జియో వచ్చింది. పదిహేను పిన్నులు, బటన్‌కో వైర్, మళ్ళీ కాలింగ్ బెల్ పద్ధతి. సొంత స్టిక్ కట్టేవాళ్ళకి ఇది పండగే. 1994లో ప్లేస్టేషన్ వచ్చేసరికి సంగతి మళ్ళీ మారింది. కన్సోల్ ఒక మాట పంపితే కంట్రోలర్ 'అందింది' అని ఒక వైర్ మీద వెంటనే సిగ్నల్ ఇవ్వాలి. ఆలస్యమైతే అసలు కంట్రోలరే లేదనుకుంటుంది. సొంత బోర్డ్ పెట్టిన స్టిక్‌ని ప్లేస్టేషన్ గుర్తించకపోతే ముందు అక్కడే చూడాలి.

ఈ తలనొప్పులన్నీ తప్పించుకోవడానికి స్టిక్ కట్టేవాళ్ళు కనిపెట్టిన దారే ప్యాడ్ హ్యాక్. ఆ కన్సోల్‌దే ఒక ప్యాడ్ విప్పి, దాని బోర్డుకి మన బటన్ల వైర్లు సోల్డరింగ్ చేయడం. భాష సంగతి ఆ బోర్డే చూసుకుంటుంది. మనవాడు చివరికి చేసింది అదే. ఆరు బటన్ల ప్యాడ్ బోర్డ్ వాడాడు. అది 1993లో వచ్చింది కాబట్టి అంతకుముందు గేములు కొన్ని దాన్ని చూసి తికమకపడతాయి. అప్పుడు మోడ్ బటన్ నొక్కి పట్టుకుని కన్సోల్ ఆన్ చేస్తే, మూడు బటన్ల ప్యాడ్‌లా ప్రవర్తిస్తుంది. అందుకే మోడ్ బటన్‌కి కూడా వైర్ వేసుకోండి.

చివరగా వరస చెప్తా. ముందు కన్సోల్‌తో వచ్చిన అసలు ప్యాడ్ పెట్టి చూడండి. అదీ పనిచేయకపోతే తప్పు కన్సోల్‌ది. తర్వాత స్టిక్ ప్లగ్ పీకేసి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కో స్విచ్ చూడండి. అన్ని బటన్లూ ఒకేసారి పోయాయంటే గ్రౌండ్ వైర్ చూడండి. ఒక్కటే పోతే ఆ స్విచ్, దాని వైర్. అన్నీ బాగున్నా గేమ్ పిచ్చిగా ఉంటే, అది భాష సమస్య. పిన్నుల పటం చూడకుండా మాత్రం ప్లగ్ గుచ్చొద్దు. స్విచ్ పోతే బజార్లో ఇంకోటి దొరుకుతుంది. ముప్పై, నలభై ఏళ్ళ నాటి కన్సోల్ చిప్ కాలిపోతే, అలాంటిది ఇంకో పాత మెషీన్ విప్పితేనే దొరికేది.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.