ప్రణయ నవలలో బాల్యపు గాయం

ప్రణయ నవల అనగానే మన విమర్శకులు పెదవి విరుస్తారు. అది కాలక్షేపపు సరుకు, పగటికలల బజారు అని ఒక్క మాటతో తోసివేస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని లక్షలాది స్త్రీలు ఒకే కథను మళ్ళీ మళ్ళీ చదువుతున్నారంటే, వారి జీవితంలో తీరని ఆకలి ఏదో ఉన్నదని గ్రహించవలసిన బాధ్యత అభ్యుదయ విమర్శకునిది. ఇటీవలి ఇంగ్లీషు ప్రణయ నవలల్లో ఆ ఆకలికి ఒక స్పష్టమైన రూపం వచ్చింది: బాల్యంలో దెబ్బతిన్న మనిషి, ఆ దెబ్బను మాన్పే ప్రేమ. ఈ ఇతివృత్తం నిన్న మొన్న పుట్టినది కాదు. దాని చరిత్రను పరిశీలిస్తేనే దాని బలమూ, బలహీనతా తెలుస్తాయి.

1847లో వెలువడిన షార్లట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' ఈ సంప్రదాయానికి మూలకందం. అనాథ అయిన పదేళ్ళ జేన్‌ను మేనమామ భార్య ఎర్రగదిలో బంధిస్తుంది. తరువాత ఆ పిల్ల లోవుడ్ ధర్మపాఠశాలలో చలికీ, అర్ధాకలికీ, అంటువ్యాధికీ నడుమ పెరుగుతుంది. ఇదంతా వట్టి కల్పన కాదు. మతాచార్యుల కుమార్తెల కోసం 1824లో కోవన్ బ్రిడ్జిలో స్థాపించిన పాఠశాలలో రచయిత్రి స్వయంగా చదివింది. అక్కడ జబ్బుపడి ఇంటికి చేరిన ఆమె అక్కలు మరియా, ఎలిజబెత్ 1825లో క్షయతో మరణించారు. కనుక జేన్ గాయానికి సాంఘికమైన పేరున్నది: పేదరికం, దయాధర్మం పేరిట సాగే అవమానం. దానికి మందు రాచెస్టర్ ప్రేమ ఒక్కటే అని బ్రాంటీ అనలేదు. అతనికి భార్య ఉన్నదని తెలిసిన మరునాడే జేన్ ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. 20,000 పౌండ్ల వారసత్వం వస్తే, దాన్ని నలుగురు బంధువులు సమంగా పంచుకునేలా చేసి, తన కాళ్ళపై తాను నిలబడిన తరువాతనే తిరిగి వస్తుంది. ప్రేమ సమానుల మధ్యనే ఔషధం, అసమానుల మధ్య అది మరొక బానిసత్వం అన్న ఎరుక ఈ కథలో ఉన్నది.

అయితే ఆ ఎరుకకు ఒక హద్దు కూడా ఉన్నది. అటకమీది గదిలో బంధింపబడిన భార్య బెర్తా జమైకా వలస కుటుంబానికి చెందిన స్త్రీ. ఆమె వెంట 30,000 పౌండ్ల కట్నం వచ్చింది. జేన్‌కు బాల్యాన్నిచ్చిన నవల బెర్తాకు ఇవ్వలేదు.

ఆ లోపాన్ని 1966లో జీన్ రీస్ పూరించింది. డొమినికా దీవిలో పుట్టిన ఈ రచయిత్రి 'వైడ్ సర్గాసో సీ' నవలలో ఆ పిచ్చి భార్యకు ఒక బాల్యాన్ని కల్పించింది. 1833 చట్టంతో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయింది. యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం నిర్ణయించారు, బానిసలుగా బ్రతికినవారికి మాత్రం ఒక్క పెన్నీ ఇవ్వలేదు. ఆ ద్వేషపు మంటల్లోనే నవలలోని పిల్ల ఇల్లు తగలబడుతుంది, తమ్ముడు చనిపోతాడు, తల్లి మతి చలిస్తుంది. పిల్ల మనస్సుకు తగిలిన దెబ్బ వెనుక ఒక సామ్రాజ్యపు నేరం ఉన్నది. ఆమె భర్త కూడా తండ్రి చేత నిర్లక్ష్యం చేయబడినవాడే. కాని చట్టం, సొమ్ము, ఇంటి తాళం అతని చేతిలో ఉన్నవి. ఇద్దరికీ గాయాలున్నా అధికారం ఒకరికే ఉంటే, రెండవవారికి దక్కేది అటకగది.

ఈలోగా ప్రణయ నవల పరిశ్రమగా మారింది. 1908లో లండన్‌లో మిల్స్ అండ్ బూన్, 1949లో కెనడాలో హార్లెక్విన్ సంస్థలు వెలిశాయి. 1971లో రెండవది మొదటిదాన్ని కొనివేసింది. ఈ సరుకులో తరచుగా కనిపించే నాయకుడు ధనికుడు, కర్కశుడు. అతని కర్కశత్వానికి ఏదో పాత గాయం సంజాయిషీ. నాయిక ఓర్పే చికిత్స. మన వారపత్రికల సీరియళ్ళ పాఠకులకు కూడా ఇతడు అపరిచితుడు కాడు.

1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం ఘోరానుభవం తరువాత మిగిలే మానసిక రుగ్మతను తన వర్గీకరణలో చేర్చింది. దాని వెనుక వియత్నాం యుద్ధ సైనికుల ఆందోళన ఉన్నది. 1992లో జూడిత్ హెర్మన్ తన గ్రంథంలో రణరంగపు గాయాన్నీ, ఇంటి నాలుగు గోడల మధ్య స్త్రీలూ పిల్లలూ పొందే గాయాన్నీ పక్కపక్కన నిలిపింది. నేటి ప్రణయ నవల తన పదజాలాన్ని చాలావరకు ఈ చరిత్ర నుండే తెచ్చుకున్నది.

ఆ పదజాలంతో వచ్చిన నవలల్లో అందరికీ తెలిసినది కొలీన్ హూవర్ 2016లో ప్రచురించిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్'. లిలీ చిన్నప్పుడు తండ్రి తల్లిని కొట్టడం చూసింది. ఆమె భర్త రైల్ పసితనంలో పొరపాటున తుపాకి పేల్చి అన్నను చంపుకున్నవాడు. అతడు ఆమెను కొడతాడు. పాత సూత్రం ప్రకారం ఆమె ఓర్చి, అతన్ని బాగుచేయాలి. కాని బిడ్డ పుట్టిననాడే ఆమె విడాకులు కోరుతుంది. గాయం కారణం కావచ్చునేగాని హక్కు కాజాలదు. తన తల్లి జీవితమే ఈ రచనకు ప్రేరణ అని రచయిత్రి చెప్పుకున్నది.

లోపాలు లేవా? ఉన్నవి. లిలీకి స్వంత పూలదుకాణం ఉన్నది. అదేమీ లేని స్త్రీ ఎక్కడికి పోవాలి? ఇల్లులేక పాడుబడిన కొంపలో తలదాచుకున్న కుర్రవాడు అట్లాస్ హోటలు యజమానిగా తిరిగి వస్తాడు. పిల్లలను వీధిపాలు చేసే వ్యవస్థ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. 2023లో ఈ నవల ఆధారంగా రంగులు వేసుకునే పుస్తకం ప్రకటించి, పాఠకుల నిరసన వల్ల ఉపసంహరించుకున్నారు. మార్కెట్టుకు గాయం కూడా సరుకే.

అయినా ఈ పుస్తకాన్ని తోసివేయగలమా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వివాహితలలో నూటికి సుమారు 29 మంది భర్త హింసను చవిచూచినవారే. గృహహింస చట్టం వచ్చింది 2005లో. ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలే మన తరగతి గదుల్లో కూర్చుంటున్నారు.

మొన్న ఈ నవలపై చర్చ ముగిసిన తరువాత ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చి, "మా అమ్మ చదివితే బాగుండును సార్, కాని ఆమెకు ఇంగ్లీషు రాదు" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తల్లి చదవగల భాషలో, ఆ తల్లి ఇంటి కథను, దాని మూలాలతో సహా వ్రాయవలసిన పని మన రచయితల ముందున్నది.