వెండి రూపాయలపై ముద్రణ దోషాలు
పాత వెండి రూపాయి మీద కనిపించే ప్రతి వంకరా టంకశాల దోషం కాదు. ముద్ర పడే క్షణంలో జరిగిన పొరపాటే దోషం. ఆ తర్వాత తగిలిన దెబ్బ నష్టం మాత్రమే. ఈ రెంటినీ వేరుచేసే సాక్ష్యం లోహం కదిలిన తీరులో ఉంటుంది. సేకర్తలు ఎంతో విలువిచ్చే బ్రోకేజ్‌నే చూడండి. కొట్టిన నాణెం ఊడిపడక అచ్చుకే అంటుకుపోతే, తర్వాతి బిళ్ళకు ఒకవైపు బొమ్మ మామూలుగా ఉబ్బెత్తుగా పడుతుంది, రెండోవైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి లోతుగా దిగుతుంది. రెండు నాణేలను బిగించి నొక్కినా ఇలాంటి గుర్తు వస్తుంది కదా అనే అభ్యంతరం సబబే. కానీ అలా నొక్కితే అవతలి వైపు బొమ్మ నలిగి చదునవుతుంది, ఇవతలి వైపు పాత బొమ్మ ఆనవాళ్ళూ మిగులుతాయి. అసలైన దోషంలో ఈ రెండూ ఉండవు.

తూకం సాయపడుతుంది గానీ, అదొక్కటే చాలదు. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయి ప్రామాణిక బరువు సుమారు 11.66 గ్రాములు. అంచు తెగిన బిళ్ళపై పడిన ముద్ర ఇంతకంటే తక్కువ తూగుతుంది. అరిగిన నాణెమూ, దొంగతనంగా అంచు కత్తిరించిన నాణెమూ తక్కువే తూగుతాయి. తయారైన తీరునూ గమనించాలి. సుత్తితో కొట్టిన మొఘల్ రూపాయల్లో అచ్చు బిళ్ళకంటే పెద్దది కాబట్టి అక్షరాలు సగం తెగిపోవడం మామూలే. యంత్రంపై ముద్రించిన నిజాం చార్మినార్ రూపాయిలో మాత్రం పక్కకు జరిగిన బొమ్మ నిజమైన దోషమే.