వెధవ అన్న మాటలో ఎవరున్నారు?

స్పానిష్‌లో సిగ్గుమాలిన వాణ్ణి 'సిన్‌వెర్గ్వెన్సా' అంటారు. విడదీస్తే 'సిగ్గు లేని' అని. తెలుగులోకి తేవడం ఎంతసేపు? 'సిగ్గూ ఎగ్గూ లేనివాడు' మన నోట్లో సిద్ధంగా ఉంటాడు. అదే మన 'వెధవ'ని ఇంకో భాషలోకి తీసుకెళ్లండి చూద్దాం!

వెధవ అంటే విధవే. భర్త పోయిన ఆడదాని పేరు. దాంతో మగపిల్లల్ని తిడతాం, తిరగని ఫ్యానునీ తిడతాం. 'ముండ' మరీ ఘోరం. గుండు అని దాని అసలు అర్థం. మొగుడు పోయినావిడకి తల గొరిగించిన రోజులు అందులో అలాగే ఉన్నాయి.

మా విజయనగరంలో 1892లో మొదట ఆడిన 'కన్యాశుల్కం'లో ఈ తిట్లు ధారాళంగా దొర్లుతాయి. అదే నాటకంలో బుచ్చమ్మ నిజంగానే విధవ, చిన్న వయసుది. తెలుగు చెవికి రెండూ ఒకే మాటలో వినిపిస్తాయి. వెల్చేరు నారాయణరావుగారు 2007లో దాన్ని 'గర్ల్స్ ఫర్ సేల్' పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు. ఎంత గొప్ప అనువాదకుడైనా ఇక్కడ చేసేదేముంది? ఇంగ్లీషులో 'విడో' వేరు, 'రాస్కెల్' వేరు. వాళ్లు వితంతువు పేరుని తిట్టు చేసుకోలేదు మరి.

మా వైపు ఆడపిల్లని 'గుంట' అంటే పైజిల్లాల వాళ్లు చిన్నబుచ్చుకుంటారు గానీ, అది పాపం ఉత్త పిలుపే. 'వెధవ' సంగతి వేరు. పెళ్లిలో భర్త లేని పెద్దమ్మ ఓ మూలకి జరిగి కూర్చుంటుంది. ఆవిడ పక్కనే నిలబడి మనం పిల్లాణ్ణి "ఒరే వెధవా, ఇలా రా" అని పిలుస్తాం.