డబ్బా యెవురిది?

2015 డిసెంబరు ఆఖరి వారం. ప్రొద్దుటూరులో ఒక మేడ మీది కంట్రోల్ రూమ్. ర్యాకుల నిండా ఛానెల్‌కొక రిసీవరు, ఛానెల్‌కొక మాడ్యులేటరు. ఫ్యాన్ తిరుగుతున్నా గదిలో ఉడుకు తగ్గదు. గోడ వారగా అట్టపెట్టెల్లో కొత్త సెట్‌టాప్ బాక్సులు. ఆ ఏరియాలోని ఇళ్లకు అవి సగం కూడా చాలవు. ఫోన్ మోగింది.

"ఏమబ్బీ, ఒకటో తేదీ నుంచి టీవీ రాదంట, నిజమేనా?"

"డబ్బా పెట్టుకుంటే వస్తాదవ్వా."

"టీవీ నాది, వైరు నీది. మధ్యలో ఆ డబ్బా యెవురిది?"

కేబులాయన దగ్గర జవాబు లేదు.

ముందే చెప్పేస్తాను. ఈ కేబులాయన ఒక్క మనిషి కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో తీగల మీద బతికినవాళ్లను కలిపి అల్లిన పాత్ర. అవ్వా అంతే. మాటలు ఊహించి రాసినవి. చట్టాలు, తేదీలు, రేట్లు మాత్రం నిజం.

2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి, దేశమంతా విడతలవారీగా డిజిటల్‌కు మారాలన్నారు. 2012లో మహానగరాలతో మొదలుపెట్టారు. 2013లో హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల వంతు. మిగతా పట్టణాలన్నిటికీ గడువు 2015 డిసెంబరు 31. మన మూడు ఊళ్లూ ఆ లెక్కలోకే వచ్చాయి. బాక్సులు దొరక్క ఆపరేటర్లు కోర్టుకెక్కితే, అప్పటి ఉమ్మడి హైకోర్టు రెండు నెలలు గడువు పెంచింది. ఆ రాత్రి అవ్వ సీరియల్ ఆగలేదు.

ఆపరేటర్ల అసలు భయం బాక్సు ధర గురించి కాదు. లెక్క గురించి. అనలాగ్ రోజుల్లో ఒక వైరు లాగితే, దాన్ని స్ప్లిట్టర్‌తో పక్కింటికీ ఎదురింటికీ పంచుకోవచ్చు. ఎన్ని ఇళ్లకు టీవీ వస్తోందో వసూళ్ల కుర్రాడి నోటు పుస్తకానికే తెలుసు. సిగ్నల్ ఇచ్చే పైవాళ్లకు చెప్పే సంఖ్య వేరు, వీధిలో వసూలయ్యే సంఖ్య వేరు. డబ్బా వచ్చాక ప్రతి ఇంటికీ ఒక నంబరు. సర్వర్‌లో ఆ నంబరు యాక్టివేట్ అయితేనే బొమ్మ. డిజిటల్ టీవీ మార్కెట్ అమాంతం పెరిగిందని ఆ ఏళ్లలో అందరూ రాశారు. నన్నడిగితే అందులో కొంత పెరుగుదలే కాదు. ఎప్పటినుంచో టీవీ చూస్తున్న ఇళ్లే కొత్తగా పద్దులోకి ఎక్కాయి.

దాంతోపాటే ఊరి పెత్తనం ఒకటి పోయింది. లోకల్ ఛానెల్‌లో రాత్రి సినిమా ఏదో కేబులాయనే నిర్ణయించేవాడు. జనం ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి పాటలు అడిగేవాళ్లు. "అన్నా, మా పాప పుట్టినరోజు, ఆ పాట ఎయ్యన్నా" అంటే వేసేవాడు. ఇంటరాక్టివ్ వీడియో అని కంపెనీలు పేరు పెట్టకముందే మనవాళ్లు చేసిన పని అది.

2017 డిసెంబరు 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, ఫోను. కరెంటు స్తంభాల మీదుగా తీగ. పులివెందుల చుట్టూ చీనీ తోటల మధ్య ఇళ్లకు పాత కో-యాక్సియల్ వైరు లాగిన లైన్‌మన్‌కు దీని విలువ బాగా తెలుసు. పాత వైరులో కొంత దూరం పోగానే సిగ్నల్ నీరసిస్తుంది. యాంప్లిఫయర్ పెట్టాలి, దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే ఆ దారిలో ఇళ్లన్నిటికీ బొమ్మ పోయినట్టే. ఫైబర్‌కు దారి మధ్యలో కరెంటుతో పనిలేదు.

ఆ లైన్‌మన్ తోట గట్టు మీద ఫైబర్ పోగులు అతికే స్ప్లైసింగ్ మిషన్ తెరిచి పెట్టుకున్నాడు. పైతొడుగు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, గాజు పోగు కొనను నిటారుగా కోసి, రెండు కొనలూ ఎదురెదురుగా ఉంచాడు. చిన్న తెరలో అవి దూలాల్లా కనిపించాయి. చిటుక్కున నిప్పురవ్వ. అతుకు పడింది.

ఈ అతుకుతో మారింది వైరొక్కటే కాదు. పాత కేబుల్‌లో ఛానెళ్లన్నీ ఇంటిదాకా పారుతూనే ఉండేవి. మనం ఒకటి పట్టుకునేవాళ్లం. ఫైబర్‌లో వచ్చే ఐపీటీవీలో రిమోట్ నొక్కితే ఆ కోరిక వెనక్కి పోతుంది, అడిగిన ఛానెలే వస్తుంది.

2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త లెక్క అమల్లోకి తెచ్చింది. అప్పట్లో వంద ఛానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. పే ఛానెళ్లకు అదనం. ప్యాకేజీలో కలపాలంటే ఛానెల్ ధర 19 రూపాయలు దాటకూడదని నిబంధన. ఎవరికి కావలసినవి వాళ్లే ఎంచుకోవాలన్నారు. కేబులాయన లిస్టు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు.

"యేవి కావాలవ్వా?"

"నిన్నటిదాకా వచ్చినవే రానీ నాయనా."

స్వేచ్ఛ చేతికొచ్చింది గానీ, ఎంచుకోవడం అనే కొత్త చాకిరీ కూడా దానితో వచ్చింది. చాలా ఇళ్లలో ఆ స్వేచ్ఛను ఆపరేటరే వాడాడు.

ఈలోగా 2016 సెప్టెంబరు నుంచే జియో సిమ్ములు జేబుల్లోని ఫోన్లలోకి చేరాయి. 2020లో థియేటర్లు మూతపడినప్పుడు నాని సినిమా 'వి' నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. 2023 జూన్‌లో ఫైబర్‌నెట్ కూడా విడుదల రోజే కొత్త సినిమాను ఇంట్లో చూపిస్తానంది. 99 రూపాయలు, 24 గంటలు. మొదటి ఆట కోసం థియేటర్ గేటు దగ్గర చొక్కా చింపుకునే ప్రొద్దుటూరు కుర్రకారుకు ఇది చెప్పి చూడండి. నవ్వుతారు. ఆ జాతర రిమోట్‌లో దొరికేది కాదు.

జమ్మలమడుగులో మగ్గం గుంతలో కూర్చున్న ఒకాయన, పక్కన ఫోన్‌లో పాత సినిమా నడుస్తుంటే, బిల్లు వసూలుకొచ్చిన కేబులాయనతో అన్నాడు.

"ఈ నెల నుంచి టీవీ తీసెయ్యన్నా. నెట్టు మాత్రం ఉండనీ."

"తీసేదానికి వేరే వైరు యాడుందప్పా? రెండూ ఒకటే పోగులో వస్తాండాయి. రేటు మాట్లాడుకుందాం రా."