ముస్లింలా కనిపించడం

"మీరు ముస్లింలా కనిపించరండీ!" మెచ్చుకోలుగానే అంటారు. మేం నవ్వి ఊరుకుంటాం. ముస్లింలా కనిపించడమంటే ఏమిటని అడగం. మొహం చూసి జాతిని పట్టేయొచ్చన్న ఈ నమ్మకానికి చాలా చరిత్రే వుంది.

1878లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ జైళ్ళ నుంచి వచ్చిన నేరస్తుల ఫొటోలను ఒకదానిమీద ఒకటి పడేట్టు ఒకే ప్లేటుకెక్కించాడు. నేరస్తుడి మొహం బయటపడుతుందనుకున్నాడు. పడలేదు. విడి మొహాల్లోని కరుకుదనం చెరిగిపోయి మామూలు మనిషి మొహం మిగిలింది. అయినా ఆయన ఆగలేదు. 1880లలో లండన్ యూదు పిల్లల ఫొటోలు కలిపి 'యూదు మొహం' తయారుచేశాడు.

ఇక్కడ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల ముక్కులూ తలలూ కొలిచాడు. దక్షిణ భారత కులాల మీద 1909లో వచ్చిన ఆయన ఏడు సంపుటాల్లో మా దూదేకులవాళ్ళకీ ఒక పద్దు వుంది. దూదేకి, తెలుగు మాట్లాడి, నమాజు చదివే మనిషి ఏ కొలతలో ఇముడుతాడు?

1979లో బ్రిటన్‌లో ఎల్లిస్, షెపర్డ్, డేవిస్ ఒక పరిశోధన చేశారు. తెలిసిన మొహాల్ని జనం జుట్టూ అంచులూ చూసి కన్నా కళ్ళూ ముక్కూ నోరూ చూసి బాగా గుర్తుపట్టారు. కొత్త మొహాల విషయంలో కళ్ళకీ ముక్కుకీ ఆ పైచేయి లేదు. మా బతుకులో ఇది రోజూ చూసేదే. వీధి చివర కిరాణా సేఠు టోపీ వున్నా లేకున్నా మమ్మల్ని పేరుపెట్టి పిలుస్తాడు. బస్సులో కొత్తవాడి చూపు గడ్డం దగ్గరే ఆగిపోతుంది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చి చచ్చిపోయినవాళ్ళు మావాళ్ళు. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్ళిన కుర్రాళ్ళూ మావాళ్ళే. కేసులు మోసినవాళ్ళు కోర్టుల్లో నిర్దోషులై తిరిగొచ్చారు. అచ్చయిన ఫొటోలు మాత్రం తిరిగిరాలేదు. అలాంటి ఫొటోలు అచ్చేసే పత్రికల్లోనే మేమూ జీతం తీసుకున్నాం. ఈ మాట దాచుకోలేం.

2018లో తెలంగాణ పోలీసులు మొహాలు పోల్చే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. 2021లో హైదరాబాదులో మాస్కు తీయమని ఆపి, ఒప్పుకోకపోయినా ఫొటో తీశారంటూ ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. థర్‌స్టన్‌కి కనీసం మనిషిని ఎదురుగా నిలబెట్టుకోవాల్సి వచ్చేది. యంత్రానికి ఆ అవసరమూ లేదు.

గాల్టన్ ప్లేటు మీద మిగిలిన ఆ మామూలు మనిషి మేమే. మమ్మల్ని కొలవక్కర్లేదు. పక్కన కూచోండి, చాయ్ తాగుదాం. కాసేపటికి గడ్డం వెనక కళ్ళు కనబడతాయి.